ఫైనాన్సా, ఆపరేషన్సా? ఫారం ఇవ్వడానికి 10 రోజులే ఉంది

మూడో_సెమ్_ముందు
ఎంబీఏ మొదటి ఏడాది అయిపోయింది. స్పెషలైజేషన్ ఏదో రాసి ఫారం ఇవ్వడానికి ఇంకా 10 రోజులే టైముంది. దీనికి ముందు మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఇంట్లోవాళ్ళు, సీనియర్లు, నా పాత టీమ్ లీడు, అందరిదీ ఒకటే పాట: ఫైనాన్స్ తీసుకో, జీతం అక్కడే ఉంది. ఫైనాన్స్‌లో మార్కులు కూడా బాగానే వచ్చాయి, అందుకే వాళ్ళకి ఎదురు చెప్పడానికి నోరు రావట్లేదు.

కానీ ఒక్క విషయం మనసులోంచి పోవట్లేదు. ఆపరేషన్స్‌లో, అంటే సరుకూ పనీ ఆగకుండా నడిపించే సబ్జెక్టులో, క్యూల మీద ఒక క్లాసు జరిగింది. ఒకే కౌంటరు, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, ఒక్కొక్కరి పనికి పట్టే టైము ఒక్కోలా ఉంటుంది. ఆ కౌంటరు 80 శాతం టైము బిజీగా ఉంటే అక్కడ సగటున నలుగురు ఉంటారు. 90 శాతానికి వెళ్తే తొమ్మిది మంది. 95కి వెళ్తే 19 మంది! పని పెరిగింది ఇంతే, లైను పెరిగింది అంత. ఆ రాత్రి ఎవరూ అడక్కుండానే ఎక్సెల్‌లో రాండమ్ నంబర్లతో ఆ కౌంటరు కట్టుకుని రెండింటి దాకా చూస్తూ కూర్చున్నాను. ఫైనాన్స్ సబ్జెక్టుకి పరీక్ష ముందు రోజు తప్ప ఎప్పుడూ అలా కూర్చోలేదు.

ఒక్క క్లాసు నచ్చిందని కెరీర్ మొత్తం అటు తిప్పేయొచ్చా? ఆపరేషన్స్ అంటే గోడౌన్‌లో అట్టపెట్టెలు లెక్కపెట్టడమే అని మా క్లాసులో అంటున్నారు. డేటా చూసి నిర్ణయాలు చెప్పే అనలిటిక్స్ తీసుకోమనేవాళ్ళు ఇంకో పక్క. ఆ పనులు నిజంగా చేస్తున్నవాళ్ళు చెప్పండి.

బ్యాలెన్స్‌షీట్_బాబాయి
ఫైనాన్సే. ఏ రంగమైనా, ఎంత చిన్న కంపెనీ అయినా డబ్బు లెక్క చూసేవాడు లేకుండా నడవదు. మార్కులు కూడా వచ్చాయంటున్నావు. వచ్చిన విద్యని వదులుకుని రాని దాని వెంట పడటం ఎందుకు?

రెండో_బెంచీ
బాబాయి గారూ, తనకి ఆపరేషన్స్ రాదని ఎక్కడ చెప్పారు? అర్ధరాత్రి రెండింటికి కూర్చుని కట్టుకున్నవాళ్ళకి రాని విద్యా?

గోదాంలో_పదేళ్ళు
అట్టపెట్టెల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అవును, లెక్కపెట్టాను. మొదటి ఆరు నెలలు రోజూ లెక్కపెట్టాను. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళకి ఆ పనిలో ఏం దొరుకుతుందో తెలీదు.

ఒకరోజు పొద్దున ఒక బేరింగు సిస్టమ్‌లో 240 చూపిస్తోంది. అరలో 204 ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాం, 204. మిగతా 36 ఎవరైనా ఎత్తుకుపోయారా? సెక్యూరిటీ దాకా వెళ్ళింది గొడవ. చివరికి సరుకు దించిన రోజు రసీదు వెతికి తీస్తే, దాని మీద చేత్తో రాసింది 204. సిస్టమ్‌లో ఎక్కించిన పిల్లాడు 240 కొట్టాడు. అంతే. కానీ ఆ లేని 36 బేరింగుల్ని నమ్ముకుని ప్లానరు ఒక ఆర్డరు ఒప్పేసుకున్నాడు, సరుకు అందక లైను నాలుగు గంటలు ఆగింది. ఒక్క అంకె అటూ ఇటూ అయితే యాభై మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు నాకు ఈ పని అర్థమైంది.

ఇప్పుడు నేను డిమాండు ప్లానింగ్‌లో ఉన్నాను. పెట్టెలు లెక్కపెట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ప్రతి అంకె వెనక ఒక అర, ఆ అర ముందు ఒక మనిషి కనిపిస్తారు నాకు.

నెలాఖరు
గోదాం అన్నా, మీ 36 చూడగానే నాకు విషయం అర్థమైపోయింది. తేడాని 9 పెట్టి భాగిస్తే శేషం లేకుండా పోయిందంటే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని మేం మొదట అనుమానిస్తాం. 36 అంటే నాలుగు తొమ్మిదులు. మా వాళ్ళు ఉండుంటే సెక్యూరిటీ దాకా వెళ్ళేది కాదు.

గోదాంలో_పదేళ్ళు
పదేళ్ళయింది, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. రాసి పెట్టుకున్నాను.

నెలాఖరు
ఇక అసలు విషయం. నేను ఫైనాన్స్ తీసుకున్నది అచ్చంగా మీ కారణానికే. జీతం, ఇంట్లోవాళ్ళు, మార్కులు. ఏడేళ్ళయింది. అన్యాయం జరిగిందని చెప్పను, బతుకు బాగానే ఉంది. కానీ ప్రతి నెలా చివరి రెండు రోజులు, తర్వాతి నెల మొదటి నాలుగు రోజులు నావి కావు. పుస్తకాలు మూసేదాకా ఇల్లు గుర్తుండదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ మన లెడ్జరుకీ 27 తేడా. చిన్న మొత్తమే, కానీ వదలడానికి లేదు, ఎందుకంటే ఆ 27 రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలింది కావచ్చు. రాత్రి పదకొండింటికి అది దొరికినప్పుడు పక్కసీటు ఆయన మొహం వెలిగిపోతుంది. నాకు మాత్రం హమ్మయ్య, ఇంటికి పోవచ్చు అనిపిస్తుంది. ఆయనకీ నాకూ ఒకే జీతం. పనిలో ఆయన ఉన్నాడు, నేను లేను.

బ్యాలెన్స్‌షీట్_బాబాయి
ఫైనాన్స్ అంటే నెలాఖరు లెక్కలొక్కటేనా? క్రెడిట్ ఉంది, ట్రెజరీ ఉంది, ఈక్విటీ రీసెర్చ్ ఉంది, ఆడిట్ ఉంది. నీకు సరిపడని గదిలో కూర్చుని ఇల్లే బాగోలేదంటే ఎలా?

నెలాఖరు
అది ఒప్పుకుంటాను. కానీ ఫారంలో "ఫైనాన్స్" అని ఒక్క మాటే ఉంటుంది బాబాయి గారూ, ఏ గదో ఉండదు. నేను రాసినప్పుడు ఇన్ని గదులున్నాయని నాకెవరూ చెప్పలేదు.

బాండ్ల_పిచ్చి
బాబాయి గారి పక్షాన ఒక మాట. ఫైనాన్స్ జీతం కోసం చేసేది అనుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. నాకు ఆ సబ్జెక్టంటే ప్రాణం.

ఏటా 2 శాతం ఇచ్చే పదేళ్ళ బాండు మీ దగ్గర ఉంది, ముఖవిలువ 100. బయట వడ్డీ 5 శాతానికి వెళ్ళింది. ఇప్పుడు ఆ బాండు ఎవరైనా 100 పెట్టి కొంటారా? కొనరు. రాబోయే ఒక్కో చెల్లింపునీ 5 శాతంతో ఇవాళ్టి విలువకి తెచ్చి కూడితే సుమారు 77 వస్తుంది. బాండు ఇచ్చినవాడు ఎక్కడికీ పారిపోలేదు, ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదు, అయినా 23 పోయింది. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు పడిపోయినప్పుడు కథలో పెద్ద ముక్క ఇదే. వడ్డీలు తక్కువున్నప్పుడు దీర్ఘకాలం బాండ్లు కొన్నారు, 2022లో రేట్లు పెరిగి వాటి ధర పడింది, ఈలోగా డిపాజిటర్లు అందరూ ఒకేసారి డబ్బు అడిగారు. అమ్మక తప్పలేదు, అమ్మితే నష్టం. ఆ వారం నేను ఆఫీసులో అన్నం తింటూ కూడా అదే చదివాను.

మూడో సెమ్ గారూ, పై పేరా చదువుతుంటే కాగితం తీసి ఆ 77 నిజమేనా అని కట్టి చూడాలనిపించిందా? అనిపిస్తే ఫైనాన్స్ గురించి ఇంకోసారి ఆలోచించండి. లేకపోతే మీకు జవాబు దొరికినట్టే.

మూడో_సెమ్_ముందు
నిజం చెప్పాలా? నమ్మేశాను. కట్టి చూడలేదు. కానీ నెలాఖరు గారి 9 లెక్క మాత్రం వెంటనే నాలుగు జతల అంకెలతో చేసి చూశాను.

రెండో_బెంచీ
ఇంకేం కావాలి, థ్రెడ్ మూసేద్దాం.

వరసలు_నిలువులు
మూయకండి, అనలిటిక్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. టెస్టింగ్ నుంచి వచ్చారు, ఎక్సెల్‌లో సిమ్యులేషన్ కట్టారు. డేటాతో పనిచెయ్యడానికి వాడే భాషలు ఎస్‌క్యూఎల్, పైథాన్ వారం పదిరోజుల్లో పట్టేస్తారు. అనలిటిక్స్ తీసుకుంటే రేపు ఆపరేషన్స్‌కీ వెళ్ళొచ్చు, ఫైనాన్స్‌కీ వెళ్ళొచ్చు, ఏ తలుపూ మూసుకోదు.

గోదాంలో_పదేళ్ళు
ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. మా దగ్గరికి అలా వచ్చిన పిల్లల్ని చూశాను. మోడల్ బ్రహ్మాండంగా కడతారు. ఫలానా వస్తువు నాలుగు వారాలు సున్నా అమ్ముడైంది కాబట్టి డిమాండు లేదు, ఆర్డరు తగ్గించేద్దాం అంటారు. అయ్యా, ఆ నాలుగు వారాలు సరుకే లేదు, అమ్మడానికి ఉంటే కదా! డేటాలో సున్నా ఒకటే. ఎవరూ అడగని సున్నా వేరు, అడిగినా ఇవ్వలేకపోయిన సున్నా వేరు. ఆ తేడా ఏ కోర్సులోనూ రాదు, సరుకు మధ్య నిలబడితే వస్తుంది.

వరసలు_నిలువులు
అది చెడ్డ అనలిటిక్స్ అన్నా, అనలిటిక్స్ చెడ్డది కాదు. స్టాకు లేని రోజుల్ని విడిగా గుర్తించకుండా డిమాండు అంచనా వెయ్యకూడదని మాకు మొదట్లోనే చెప్తారు.

రెండో వైపు నుంచి నేనూ ఒకటి చెప్తాను. 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ పాజిటివ్ కేసులు లెక్కలోకి ఎక్కలేదు. పాత ఎక్సెల్ ఫైలు 65,536 వరసలు మాత్రమే పడుతుంది, మిగతావి జారిపోయాయి. కొత్త ఫార్మాట్ కూడా 10,48,576 వరసల దగ్గర ఆగిపోతుంది. ఆ కేసులతో దగ్గరగా మెలిగినవాళ్ళకి కబురు అందడం ఆలస్యమైంది. అక్కడ ఆరోగ్యశాఖ వ్యవహారాలు తెలిసినవాళ్ళు ఎంతమంది లేరు? కావాల్సింది ఆ ఫైలు ఎన్ని వరసలు పడుతుందో తెలిసిన ఒక్క మనిషి. కాబట్టి సాధనం తెలియడం చిన్న విషయం కాదు.

గోదాంలో_పదేళ్ళు
ఈ మాట కాదనలేను. ఇద్దరూ ఒకే మనిషిలో ఉంటే బాగుణ్ణు.

మనుషుల_పక్షం
ఇన్ని పోస్టుల్లో హెచ్‌ఆర్ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. రాదని తెలుసు. "లెక్కలు రానివాళ్ళు తీసుకునేది" అని ఎవరో ఒకరు అనేలోపు నేనే రాస్తున్నాను.

మా దగ్గర ఒక విభాగంలో సగటున 80 మంది ఉండేవారు. ఏడాదిలో 12 మంది మానేశారు. అట్రిషన్ 15 శాతం. పైవాళ్ళు ఆ 15 చూసి మార్కెట్ ఇలాగే ఉంది, జీతాలు పెంచాలి అన్నారు. నేను ఆ పన్నెండు మంది ఫైళ్ళూ టేబుల్ మీద పరిచాను. తొమ్మిది మంది చేరి ఏడాది కూడా కాలేదు, ఆ తొమ్మిదిమందీ ఒకే షిఫ్ట్. వెళ్ళిపోయే ముందు మాట్లాడినప్పుడు ఒకమ్మాయి అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది: "పని కష్టమని వెళ్ళట్లేదు మేడమ్, రేపు ఏ షిఫ్టో ఇవాళ రాత్రి తొమ్మిదింటికి చెప్తున్నారు, నాకు చంటిపిల్ల ఉంది." జీతం పెంచుంటే డబ్బు పోయేది, మనుషులు కూడా పోయేవాళ్ళు. షిఫ్టులు రెండు వారాల ముందే ప్రకటించడం మొదలుపెట్టాం, తర్వాతి ఏడు ఆ షిఫ్టులో ఇద్దరే మానేశారు.

ఇందులో లెక్క లేదా? ఉంది. లెక్క తర్వాత అడగాల్సిన ప్రశ్న కూడా ఉంది.

రెండో_బెంచీ
అక్కా, నేను హెచ్‌ఆర్ అంటే ఇంటర్వ్యూలు ఏర్పాటు చెయ్యడం, పుట్టినరోజు మెయిళ్ళు పంపడం అనుకునేవాణ్ణి. తప్పు నాదే.

అమ్మకాల_అక్క
మార్కెటింగ్‌ని కూడా జనం ఇలాగే అనుకుంటారు, ప్రకటనలు తియ్యడమే అని. 1960లో జెరోమ్ మెకార్తీ అనే మార్కెటింగ్ ప్రొఫెసర్ చెప్పిన 4 పీలు, అవే ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్, అందరికీ నోటికి వస్తాయి. కానీ అందులో ప్రకటన నాలుగోదాంట్లో ఒక ముక్క మాత్రమే.

నేను చేరిన కొత్తలో మూడు రోజులు ఒక షాపులో అర పక్కన నిలబడమన్నారు, అంతే, ఇంకే పనీ లేదు. జనం మా డబ్బా తియ్యడం, వెనక్కి తిప్పడం, కళ్ళు చికిలించి చదవడం, మళ్ళీ పెట్టేయడం. రెండో రోజు సాయంత్రానికి అర్థమైంది: ఎంత వాడాలో రాసిన అక్షరాలు కనిపించట్లేదు. ఆఫీసులో మాత్రం అప్పటికి రెండు నెలలుగా ధర తగ్గించాలా వద్దా అని మీటింగులు. మూడో సెమ్, నీకు ఇది పట్టదనుకుంటా, నీ రాతంతా క్యూల చుట్టూనే ఉంది. ఇది చదివే వేరేవాళ్ళ కోసం రాశాను.

పాఠాలు_చెప్తాను
మేనేజ్‌మెంట్ కోర్సులు చెప్పి పద్నాలుగేళ్ళయింది. స్పెషలైజేషన్ అన్న పేరుకి మీరంతా ఇస్తున్నంత బరువు లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఎంబీఏలో మేజర్, అంటే మన స్పెషలైజేషన్ లాంటిది, అనేదే లేదు. మొదటి ఏడు అందరికీ ఒకే సబ్జెక్టులు, రెండో ఏడు ఎవరికి నచ్చిన ఎలక్టివ్‌లు వాళ్ళు. వార్టన్ బిజినెస్ స్కూల్లో మేజర్ ఉంటుంది. రెండు చోట్ల నుంచీ వచ్చినవాళ్ళు అన్ని రంగాల్లోనూ ఉన్నారు. మీ కాలేజీలో స్పెషలైజేషన్ అంటే ఎన్ని పేపర్లో చూసుకోండి. ఐదారు పేపర్లు తేడా, అంతే. ఆ ఐదారు పేపర్ల సిలబస్ కాగితాలు అడిగి తెచ్చుకుని చదవండి. పేరు చూసి కాదు, ఏ వారం ఏం చెప్తారో చూసి ఎంచుకోండి.

నెలాఖరు
సార్, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. హార్వర్డ్ వాళ్ళకి మేజర్ లేకపోయినా కాలేజీ పేరు ఉంది. మా లాంటి మామూలు కాలేజీలకి వచ్చే కంపెనీలు మొదట అడిగేది స్పెషలైజేషన్ వారీగా లిస్టు. ఫైనాన్స్ లిస్టులో పేరు లేకపోతే పరీక్ష కూడా రాయనివ్వలేదు మా స్నేహితుణ్ణి, వాడు మా అందరికన్నా అకౌంట్స్ బాగా చేసేవాడు.

పాఠాలు_చెప్తాను
ఇది నిజం, నేను రాయాల్సింది, రాయలేదు. మొదటి ఉద్యోగం వరకు ఆ పేరు గేటు లాంటిది. రెండో ఉద్యోగానికి ఏం పని చేశావనే అడుగుతారు. కాబట్టి సిలబస్‌తో పాటు ప్లేస్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళి ఇంకో ప్రశ్న వెయ్యాలి: పోయిన రెండేళ్ళలో వచ్చిన కంపెనీల్లో ఏవి లిస్టు చూసి పిలిచాయి, ఏవి అందరినీ రానిచ్చాయి? వాళ్ళ దగ్గర ఉంటుంది. అడిగేవాళ్ళు ఉండరు.

క్రియాపదాలు
నేను చేసిన ఒక పని చెప్తాను, నాకు పనికొచ్చింది. 30 ఉద్యోగ ప్రకటనలు ప్రింటు తీసుకున్నాను, పది ఫైనాన్స్, పది మార్కెటింగ్, పది ఆపరేషన్స్. హోదా, జీతం, కంపెనీ పేరు నల్లటి మార్కరుతో కొట్టేశాను. మిగిలిన దాంట్లో క్రియలు మాత్రమే గీతలు గీశాను. సరిచూడు, అంచనా వెయ్యి, బేరమాడు, ఒప్పించు, ముందే పట్టుకో, నివేదిక తయారుచెయ్యి. రోజంతా ఈ పని చెయ్యమంటే చేస్తానా అని ఒక్కోదానికి టిక్కో ఇంటూయో పెట్టాను. జీతం కనపడకపోయేసరికి నా టిక్కులు నేను అనుకోని చోట పడ్డాయి. మార్కెటింగ్‌కి వెళ్దామనుకున్నదాన్ని, ఇప్పుడు కొనుగోళ్ళ విభాగంలో ఉన్నాను. బేరమాడటం ఇంత ఇష్టమని నాకే తెలీదు.

బ్యాలెన్స్‌షీట్_బాబాయి
జీతం కొట్టేసి చూస్తే ఎలాగమ్మా? చదువుకి చేసిన అప్పుంటే? మొదటి నెల నుంచి వాయిదా కట్టాలి. ఇష్టం అందరూ భరించగలిగేది కాదు. నేను ఫైనాన్స్ ఎందుకు తీసుకున్నానంటే ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళ చదువులు నా మీద ఉన్నాయి. ఇప్పటికీ దానికి బాధపడను.

క్రియాపదాలు
బాబాయి గారూ, మీరు చెప్పింది చిన్న విషయం కాదు. జీతం చూడొద్దని నా ఉద్దేశం కాదు, మొదట పని చూసి, తర్వాత మార్కరు కింద ఏముందో చూడమంటున్నాను. అప్పు ఉంటే ఆ వరస మారుతుంది, నిజమే.

మూడో_సెమ్_ముందు
నాకు అప్పు ఉంది, కానీ మూడేళ్ళ ఉద్యోగంలో దాచింది సగం పైగా కట్టేసింది. బాబాయి గారి మాట మనసులో పెట్టుకునే ఆలోచిస్తున్నాను. సిలబస్, ప్లేస్‌మెంట్ ఆఫీసు, మార్కరు, మూడూ ఈ వారంలో చేసి వస్తాను.

రెండో_బెంచీ
ఈ లోపు నా డౌట్. పెట్టుబడుల విశ్లేషణ మీద ఉండే సీఎఫ్‌ఏ పరీక్షలు ఎలాగూ రాద్దామనుకుంటున్నా. అలాంటప్పుడు ఎంబీఏలో కూడా ఫైనాన్స్ తీసుకోవడం రెండుసార్లు చదవడం అవదా?

బాండ్ల_పిచ్చి
కొంత అవుతుంది. కానీ సీఎఫ్‌ఏ మూడు లెవెళ్ళు, ఒక్కో లెవెలుకీ 300 గంటలు చదవమని వాళ్ళే చెప్తారు. ఎంబీఏ ఫైనాన్స్ పేపర్లు చేసి ఉంటే మొదటి లెవెల్ తేలికవుతుంది. ఇంకా ఒక్క లెవెలూ మొదలుపెట్టకుండా "ఎలాగూ చేస్తా" అనుకుని ఎంబీఏ ఎంపిక దాని మీద కట్టకు తమ్ముడూ. మా బ్యాచిలో అలా అనుకున్నవాళ్ళలో పరీక్ష హాలు దాకా వచ్చింది ఇద్దరే.

మూడో_సెమ్_ముందు
వారం కాలేదు, ఐదు రోజులకే వచ్చేశాను.

మార్కరు పని 40 ప్రకటనలతో చేశాను. ఆపరేషన్స్‌లో 9 టిక్కులు, అనలిటిక్స్‌లో 6, ఫైనాన్స్‌లో 3. విచిత్రం ఏంటంటే ఆ మూడూ ఒకే రకం: వర్కింగ్ క్యాపిటల్, స్టాకులో ఇరుక్కున్న డబ్బు. ప్లేస్‌మెంట్ ఆఫీసులో ఆపరేషన్స్ లిస్టు చూసి పిలిచే కంపెనీలు తక్కువే అన్నారు. అది కొంచెం భయపెట్టింది. కానీ పిలిచినవాళ్ళు తీసుకున్న శాతం ఎక్కువ, ఎందుకంటే ఆ లిస్టులో ఉండేదే పద్దెనిమిది మంది.

మా సీనియర్ ఒకరు ప్లానర్‌గా చేస్తున్నారు, బతిమాలి రెండు గంటలు ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఒక వస్తువు డిమాండు గ్రాఫ్ చూపించి "ఎందుకు ఇలా ఎగిరింది చెప్పు" అన్నారు. షాపుల్లో అమ్మకం దాదాపు చదునుగా ఉంది. డిస్ట్రిబ్యూటరు ఆర్డరు దానికన్నా ఊగుతోంది. ఫ్యాక్టరీకి వెళ్ళిన ఆర్డరు పర్వతాలు లోయలు. బుల్‌విప్ అని క్లాసులో విన్నదే, ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళు పాంపర్స్ ఆర్డర్లలో గమనించారని చదివిందే. పిల్లలు డైపర్లు రోజూ ఒకేలా వాడతారు, ఆర్డర్లు మాత్రం ఊగిపోతాయి. కానీ ఆ గ్రాఫ్ నిజం సరుకుది, ఆ లోయ దగ్గర ఒక షిఫ్టు మనుషుల్ని ఇంటికి పంపారట. మనుషుల పక్షం అక్క పోస్టు గుర్తొచ్చింది.

బ్యాలెన్స్‌షీట్_బాబాయి
ఆ మూడు ఫైనాన్స్ టిక్కులు పారేయకు. ఎంతకాలం స్టాకులో డబ్బు ఉంది, ఎంతకాలం కొన్నవాడి దగ్గర ఉంది, రెండూ కూడి, మనం సరఫరాదారుకి ఎన్ని రోజుల తర్వాత ఇస్తున్నామో తీసెయ్యి. 45, 30, 40 అనుకో, 35 రోజులు మన డబ్బు బయట తిరుగుతోందన్నమాట. 1990ల్లో డెల్ ఆర్డరు వచ్చాకే కంప్యూటరు కట్టి ఈ అంకెని సున్నా కిందకి దించింది. అది ఫైనాన్స్ వాళ్ళు చేసింది కాదు, ఫ్యాక్టరీ నడిపే పద్ధతి చేసింది. ఆపరేషన్స్ మేజర్ తీసుకో, కానీ ఫైనాన్స్ పేపర్లు రెండు పెట్టుకో. ఆ అంకె అర్థమయ్యే ప్లానరు ఏ కంపెనీకైనా కావాలి.

రెండో_బెంచీ
బాబాయి గారు ఆపరేషన్స్ తీసుకో అన్నారు. తేదీ రాసి పెట్టుకోండి అందరూ.

బ్యాలెన్స్‌షీట్_బాబాయి
రాసుకో నాయనా. రెండు గంటలు పక్కన కూర్చుని వచ్చాడు, నా పట్టుదలకన్నా అది గట్టిది.

మూడో_సెమ్_ముందు
ఫారం ఇచ్చేశాను. ఆపరేషన్స్ మేజర్. ఎలక్టివ్‌లలో వర్కింగ్ క్యాపిటల్ ఒకటి, ఫైనాన్షియల్ మోడలింగ్ ఒకటి. ఇంట్లో చెప్పినప్పుడు నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ క్యూ ఏంటో చూపించమన్నారు. చూపించాను. 95 శాతం దగ్గర 19 మంది అనగానే "అందుకేనా మాకు అంతసేపు పడుతుంది" అన్నారు.

ఒక్కటే ప్రశ్న మిగిలింది. పనిలో లోపాలు తగ్గించడం నేర్పే సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్టు, ఉత్పత్తి, స్టాకు ప్లానింగ్ వాళ్ళ సీపీఐఎం (పార్టీ కాదు!), ఇలాంటి సర్టిఫికెట్లు ఇప్పుడే చెయ్యాలా?

గోదాంలో_పదేళ్ళు
ఇప్పుడొద్దు. సీపీఐఎం ఉద్యోగంలో చేరాక చేస్తే చదివేది ప్రతిదీ కళ్ళముందు కనిపిస్తుంది, కొన్ని కంపెనీలు డబ్బు కూడా ఇస్తాయి. ఇప్పుడు ఎస్‌క్యూఎల్ నేర్చుకో, వరసలు గారు చెప్పినట్టు. వేసవి ఇంటర్న్‌షిప్‌లో కంప్యూటరు ముందు కూర్చోబెడితే, వారంలో ఒకరోజైనా కిందకి దింపి లెక్కపెట్టనివ్వమని అడుగు.

నీ ఎక్సెల్ ఫైలు ఉంది కదా, అందులో ఒకటి మార్చి చూడు. రెండు కౌంటర్లు పెట్టు, రెండూ 90 శాతం బిజీ. మొదట రెండు విడి లైన్లు. తర్వాత రెండింటికీ కలిపి ఒకే లైను, ఎవరు ఖాళీ అయితే వాళ్ళ దగ్గరికి మొదటివాడు వెళ్తాడు. ఏం వస్తుందో చెప్పు.

మూడో_సెమ్_ముందు
విడి లైన్లుగా ఉన్నప్పుడు రెండు చోట్లా కలిపి 18 మంది. ఒకే లైను చేస్తే తొమ్మిదిన్నర! మనిషిని పెంచలేదు, వేగం పెంచలేదు, నిలబడే పద్ధతి ఒక్కటి మార్చాను. నమ్మలేక ఫార్ములాతో కూడా సరిచూశాను, 9.47. దాదాపు సగం మంది మాయమైపోయారు.

బాండ్ల_పిచ్చి
ఇది చదివి కాగితం తీశాను. సరిపోయింది.

గోదాంలో_పదేళ్ళు
ఇప్పుడు ఆ రెండు కౌంటర్లలో ఒకదాన్ని సగం వేగానికి దించి, వచ్చే జనాన్ని కూడా ఆ మేరకు తగ్గించి చూడు. నిజం షాపుల్లో ఇద్దరూ ఒకే వేగంతో ఉండరు.

మూడో_సెమ్_ముందు
ఫైలు తెరిచే ఉంది.